పాస్‌వర్డు అడగని ఈమెయిల్ యాప్: లాగిన్ తెర దాటిన తరువాత మొదలయ్యే పని

(హైదరాబాదులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే ప్రోగ్రామర్లు, ఇంజనీరింగ్ విద్యార్థులు కలుసుకున్న ఒక సాయంకాల సమావేశంలో చేసిన ప్రసంగానికి ఇది పాఠం. వక్త ఒక ఈమెయిల్ యాప్ తయారీలో స్వచ్ఛందంగా పనిచేస్తున్నారు. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని ఎక్కించాము.)

అందరికీ నమస్కారం. ప్రసంగం మొదలుపెట్టే ముందు మీ ఎదుటే ఒక చిన్న పని చేస్తాను, దాని ఫలితం చివర చూద్దాం. ఈ బల్ల మీద ఉన్న ఫోనులో మేము తయారుచేసే ఈమెయిల్ యాప్ ఉంది; అందులో పరీక్షల కోసం తెరిచిన జీమెయిల్ ఖాతా ఒకటి ఉంది. ఇందాక ఫోనును ఫ్లైట్ మోడులో పెట్టి, ఒక ఉత్తరం రాసి, పంపమని నొక్కాను. నెట్ లేదు కాబట్టి అది అవుట్‌బాక్సులో కూర్చుని ఉంది. ఇప్పుడు ల్యాప్‌టాపులో ఆ గూగుల్ ఖాతా సెట్టింగులు తెరిచి, మా యాప్‌కు ఇచ్చిన అనుమతిని తొలగిస్తున్నాను. తొలగించాను. ఫ్లైట్ మోడు కూడా తీసేశాను. ఇక ఫోను జోలికి వెళ్ళను. వెనుక వరుసలో ఉన్నవారు మధ్యలో లేచి వచ్చి చూడకండి.

ఈ పని ఎందుకు చేశానంటే, ఈరోజు నేను చెప్పదలచుకున్నదంతా అందులోనే ఉంది. ఖాతాల భద్రతకు సంబంధించిన నిబంధనలు కఠినమైనప్పుడు ఈమెయిల్ యాప్ తయారుచేసేవాళ్ళం అందరం ముందుగా చూసేది లాగిన్ తెరను. పాత తెర తీసేశాం, కొత్తది పెట్టాం, బ్రౌజరులో లాగిన్ పేజీ తెరుచుకుంది, ఉత్తరాలు దిగాయి, ఇక పని అయిపోయింది అనుకుంటాం. మేమూ అలాగే అనుకున్నాం. నా అనుభవంలో అది మొత్తం పనిలో నాలుగో వంతు కూడా కాదు. వాడుకరి ఇచ్చిన అనుమతి ఏదో ఒకనాడు పోతుంది. పోయిన తరువాత యాప్ ఎలా ప్రవర్తిస్తుంది? అసలు పని అక్కడ ఉంది.

ముందు పాత పద్ధతి ఏమిటో చూద్దాం, ఎందుకంటే ఇక్కడున్న విద్యార్థులలో చాలామంది దానిని దగ్గరగా చూసి ఉండరు. ఉత్తరం పంపే ఎస్‌ఎంటీపీ 1982 నాటిది. ఉత్తరాలను దించుకునే పాప్‌3కి ఇప్పుడున్న ప్రమాణం 1996 నాటిది. ఉత్తరాలను సర్వరులోనే ఉంచి చదువుకునే ఐమ్యాప్ నాలుగో రూపం 1994లో వచ్చింది, 2003లో ఒకసారి, 2021లో మరొకసారి దానిని తిరగరాశారు. ఈ ఐమ్యాప్‌లో లాగిన్ అనే ఆజ్ఞ ఉంది. యాప్ సర్వరుకు ఒకే ఒక్క వరుస పంపుతుంది: లాగిన్ అన్న మాట, ఆ పక్కన వాడుకరి పేరు, ఆ పక్కన పాస్‌వర్డు. అంతే. సరేనంటే సర్వరు తలుపు తీస్తుంది, లేదంటే కాదంటుంది. అథెంటికేట్ ప్లెయిన్ అనే మరో పద్ధతిలో అవే రెండింటిని బేస్64లోకి, అంటే బైట్లను మామూలు అక్షరాలతో రాసే పద్ధతిలోకి, మార్చి పంపుతారు; చూడడానికి గజిబిజిగా ఉంటుంది కాబట్టి అదేదో రహస్య లిపి అనుకునేవారు ఇప్పటికీ నాకు కనిపిస్తారు, కానీ అది ఎవరైనా క్షణంలో విప్పుకోగల మూట.

దారిలో టీఎల్‌ఎస్, అంటే పంపేదంతా రహస్య లిపిలోకి మార్చే కవచం, ఉంటుంది కదా, ఇక భయమేమిటి అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. టీఎల్‌ఎస్ దారిని కాపాడుతుంది, దారికి రెండు కొసలలో ఉన్నవారిని కాదు. మీ పాస్‌వర్డు యాప్ దగ్గర ఉంది. ప్రతిసారి కనెక్ట్ అయినప్పుడు పంపాలి కాబట్టి, విప్పి చదువుకోగలిగిన రూపంలోనే యాప్ దానిని దాచుకోవాలి. అది ఉత్తరాలకు మాత్రమే పనికివచ్చే పాస్‌వర్డు కూడా కాదు. అదే పాస్‌వర్డుతో మీ ఫొటోలు, మీ డ్రైవ్, మీ ఫోను బ్యాకప్ అన్నీ తెరుచుకుంటాయి. సంతకాలు పెట్టిన ఖాళీ చెక్కుల పుస్తకాన్ని కిరాణా కొట్టులో వదిలి వచ్చినట్టు. కొట్టువాడు మంచివాడే కావచ్చు. కానీ అతని కొట్టులో దొంగ పడితే?

ఇంకా పెద్ద లోపం మరొకటి ఉంది. మనకు ఓటీపీ కొత్త కాదు. కార్డు చేతిలో లేకుండా ఆన్‌లైనులో చేసే చెల్లింపులకు అదనపు ధ్రువీకరణ ఉండాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన 2009 ఆగస్టు 1 నుంచి అమలులో ఉంది. రెండో అంచె లేకుండా డబ్బు కదలదన్న సంగతి ఇప్పుడు మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు కూడా తెలుసు. మరి ఐమ్యాప్ లాగిన్ వరుసలో ఆ రెండో అంచెను ఎక్కడ పెడతారు? పేరు, పాస్‌వర్డు తప్ప మూడో మాటకు అందులో చోటు లేదు. అంటే మీరు వెబ్‌లో రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని ముందు తలుపుకు రెండు తాళాలు వేసినా, పాత ఐమ్యాప్ దారి తెరిచి ఉన్నంత కాలం పెరటి తలుపుకు ఒక్క గడియే ఉన్నట్టు. ఇది దొంగలకు తెలియదా? ఒకే మామూలు పాస్‌వర్డును వేల ఖాతాల మీద వేసి చూసే దాడులలో 99 శాతానికి పైగా ఈ పాత దారులలోనే వస్తున్నాయని మైక్రోసాఫ్ట్ 2020లో స్వయంగా చెప్పింది. పెద్ద సంస్థలన్నీ ఈ తలుపును మూయాలని పట్టుబట్టడానికి కారణం అదే.

మూసిన క్రమం క్లుప్తంగా చెబుతాను. పాస్‌వర్డుతో నడిచే యాప్‌లను కార్యాలయ ఖాతాలకు నిలిపివేస్తామని గూగుల్ 2019 చివరలో ప్రకటించింది, కోవిడ్ రావడంతో వాయిదా వేసింది. మామూలు జీమెయిల్ ఖాతాలకు 2022 మే 30న ఆపివేసింది. కార్యాలయ ఖాతాల వంతు 2025లో పూర్తయింది. యాహూ అంతకంటే ముందే, 2020 అక్టోబరులో ఆ పని చేసింది. మైక్రోసాఫ్ట్ తన కార్యాలయ ఈమెయిల్ సేవ అయిన ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్‌లో 2020 అక్టోబరులోనే ఆపుతామని చెప్పి, వాయిదా వేసి, 2022 అక్టోబరు 1 నుంచి నిజంగా ఆపడం మొదలుపెట్టింది. అవుట్‌లుక్ డాట్ కామ్ వ్యక్తిగత ఖాతాలకు 2024 సెప్టెంబరు 16 గడువు. ఉత్తరం పంపే ఎస్‌ఎంటీపీ దారికి మాత్రం మైక్రోసాఫ్ట్ అప్పట్లో మినహాయింపు ఇచ్చింది. దానినీ తీసివేస్తామని 2024లో ప్రకటించి, ఆ తరువాత తేదీని జరుపుతూ వచ్చింది.

ఇందులో గమనించవలసినది తేదీలను కాదు, వాయిదాలను. ఇన్నిసార్లు వాయిదా పడింది కదా, మళ్ళీ పడుతుందిలే అని కూర్చున్నవాళ్ళు ఎవరో చెప్పనా? నేను. 2022 మేలో మా యాప్‌లో కొత్త పద్ధతి సగం మాత్రమే తయారై ఉంది.

జూన్ మొదటి వారంలో మాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి ఇప్పటికీ నాకు గుర్తుంది. రాసినవారు విశ్రాంత ఉపాధ్యాయులు. మా యాప్ ఆయనకు ‘పాస్‌వర్డు తప్పు’ అని చూపించింది. పాస్‌వర్డు తప్పు కాదు. సర్వరు ఆ దారినే మూసివేసింది. కానీ మా యాప్‌కు తెలిసిన వాక్యం అదొక్కటే. ఆయన పాపం నమ్మారు. గూగుల్‌కు వెళ్ళి పాస్‌వర్డు మార్చారు. మళ్ళీ ‘తప్పు’ అంది. మళ్ళీ మార్చారు. మూడోసారి మార్చేసరికి ఆయన ఫోనులో ఉన్న మిగతా గూగుల్ సేవలు కూడా లాగౌట్ అయిపోయాయి. ‘బాబూ, నేను ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత ఎక్కాలు తప్పు లేకుండా చెప్పించినవాణ్ణి, పన్నెండు అక్షరాలు మూడుసార్లు తప్పు కొడతానా?’ అని రాశారు. ఆయన తప్పు ఏమీ లేదు. ఒక తప్పుడు వాక్యం ఒక మనిషి చేత మూడు రోజులు అనవసరమైన చాకిరీ చేయించింది, ఆ వాక్యం రాసింది మేము.

అనుమతి అంటే ఏమిటి

సరే, పాస్‌వర్డు బదులు ఏమి వచ్చింది? ఓఆథ్ 2.0, అంటే పాస్‌వర్డు చేతికివ్వకుండా యాప్‌కు అనుమతి మాత్రం ఇచ్చే పద్ధతి. దాని ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 6749 (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలు అంటారు), 2012 అక్టోబరు నాటిది. దీనిని వివరించడానికి నాకు మన ఆర్టీసీ బస్ పాస్ కంటే మంచి ఉదాహరణ దొరకలేదు. ఇక్కడ చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు: పాస్‌లో రెండు ముక్కలు ఉండేవి. ఫొటో అంటించిన గుర్తింపు కార్డు ఒకటి, ప్రతి నెలా కౌంటరులో కొత్తగా తీసుకునే టికెట్టు ఒకటి. కండక్టరు చూసేది టికెట్టును. దాని గడువు అయిపోతే మళ్ళీ కాలేజీకి వెళ్ళి బోనఫైడ్ తెచ్చుకోనక్కరలేదు. గుర్తింపు కార్డు కౌంటరులో చూపిస్తే కొత్త టికెట్టు ఇస్తారు.

ఓఆథ్‌లో కూడా రెండు టోకెన్లు, అంటే పాస్‌వర్డు బదులు చూపించే పొడవాటి అక్షరాల వరుసలు. యాక్సెస్ టోకెన్ మన టికెట్టు; గూగుల్ దగ్గర దాని గడువు సాధారణంగా ఒక గంట. రిఫ్రెష్ టోకెన్ మన గుర్తింపు కార్డు. దానిని చూపించి యాప్ గంట గంటకూ కొత్త టికెట్టు తెచ్చుకుంటుంది. ఐమ్యాప్ సర్వరు అనే కండక్టరు గుర్తింపు కార్డును ఎన్నడూ చూడడు. వాడుకరి పాస్‌వర్డును యాప్ ఎన్నడూ చూడదు. లాగిన్ అంతా గూగుల్ పేజీలోనే జరుగుతుంది కాబట్టి అక్కడ ఓటీపీ అడిగినా, ఫోనులో ‘ఇది మీరేనా’ అని అడిగినా, వేలిముద్ర అడిగినా, రేపు మరొకటి ఏదైనా అడిగినా యాప్‌కు సంబంధం లేదు. రెండో అంచెకు చోటు ఎక్కడ అని ఇందాక అడిగాను కదా, ఇక్కడ.

ఆ లాగిన్ పేజీని ఎక్కడ తెరవాలి? యాప్ లోపల ఒక చిన్న కిటికీ పెట్టి అందులో తెరవాలని మనకు అనిపిస్తుంది, చూడడానికి ముచ్చటగా ఉంటుంది. వద్దు. ఆ కిటికీ మీది, అందులో వాడుకరి కొట్టే ప్రతి అక్షరం మీ యాప్ చదవగలదు. అప్పుడు ఇంత తతంగం ఎందుకు? 2017లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8252 ఈ సంగతి స్పష్టంగా చెప్పింది: ఫోనులో ఉన్న అసలు బ్రౌజరులోనే తెరవాలి. గూగుల్ అయితే యాప్ లోపలి కిటికీలలో లాగిన్‌ను అడ్డుకుంటుంది. తెరమీద కనిపించిన కోడును కాపీ చేసి యాప్‌లో అతికించే పాత పద్ధతి ఒకటి ఉండేది, దానిని కూడా 2023 జనవరి 31తో ఆపేసింది. ఆ పద్ధతి మీద నడిచే పాత స్క్రిప్టులు మీలో ఎవరి దగ్గరైనా ఉంటే, అవి ఎందుకు ఆగిపోయాయో ఇప్పుడు తెలిసింది కదా.

బ్రౌజరు నుంచి యాప్‌కు తిరిగి వచ్చేది ఒక కోడు మాత్రమే; దానిని ఇచ్చి టోకెన్లు తీసుకోవాలి. దారిలో ఇంకొక యాప్ ఆ కోడును ఎత్తుకుపోతే? దీనికి పిక్సీ అని పిలిచే ఉపాయం ఉంది, ఆర్‌ఎఫ్‌సీ 7636. యాప్ ముందుగా 43 నుంచి 128 అక్షరాల లోపు ఒక పొడవాటి యాదృచ్ఛిక మాటను తయారు చేసుకుని, దాని షా-256 ముద్రను (అసలు మాటను వెనక్కి రాబట్టలేని గుర్తును) మాత్రమే లాగిన్ పేజీతో పంపుతుంది. తరువాత కోడు ఇచ్చి టోకెన్ అడిగేటప్పుడు అసలు మాటను చూపిస్తుంది. ముద్ర, మాట సరిపోలితేనే టోకెన్. కోడు దొంగిలించినవాడి దగ్గర మాట ఉండదు. మీ యాప్‌లో దాచిపెట్టిన ‘క్లయింట్ సీక్రెట్’, అంటే యాప్‌కు గుర్తింపుగా ఇచ్చే రహస్య పదం, మీద ఆధారపడకండి. వాడుకరి ఫోనులోకి వెళ్ళిన ఫైలులో రహస్యమనేది ఉండదు, అందులోనూ మన సోర్సు కోడు అందరి ముందూ పరిచి ఉంటుంది.

ఒక్క బైటు, ఒక్క ఖాళీ వరుస

ఇక టోకెన్‌ను ఐమ్యాప్ సర్వరుకు ఎలా చూపించాలి? పద్ధతి పేరు ఎక్స్ఓఆథ్2. 2015లో ప్రమాణంగా వచ్చిన ఓఆథ్‌బేరర్ అనే పద్ధతి కూడా ఉంది కానీ, గూగుల్, మైక్రోసాఫ్ట్ రెండింటితో పనిచేయాలంటే ఎక్స్ఓఆథ్2 తప్పదు. అందులో పంపవలసిన వాక్యం చాలా చిన్నది: ‘యూజర్’ అని, సమానం గుర్తు, ఈమెయిల్ చిరునామా, ఆ తరువాత కంట్రోల్-ఏ, అంటే విలువ 1 ఉన్న ఒక్క బైటు, ఆ తరువాత ‘ఆథ్ సమానం బేరర్’, ఒక ఖాళీ, టోకెన్, చివర మళ్ళీ కంట్రోల్-ఏ రెండుసార్లు. మొత్తాన్ని బేస్64లోకి మార్చి పంపాలి. చివర రెండు బైట్ల బదులు ఒకటి పంపితే సర్వరు ఒప్పుకోదు, ఎందుకో కూడా సరిగా చెప్పదు. తెరమీద కనిపించని బైటు కాబట్టి మనం గంటల తరబడి వెతుక్కుంటాం.

అది అందరికీ ఎదురయ్యేదే. నేను చెప్పదలచుకున్నది టోకెన్ చెల్లనప్పుడు ఏమవుతుందన్నది. సర్వరు వెంటనే ‘కాదు’ అనదు. ముందుగా ఒక ప్లస్ గుర్తు, దాని పక్కన బేస్64లో చుట్టిన ఒక చిన్న జేసన్ సందేశం పంపుతుంది. అది లోపం వివరం. దానికి యాప్ ఒక ఖాళీ వరుసను జవాబుగా పంపాలి. ఆ ఖాళీ వరుస అందిన తరువాతే సర్వరు ‘కాదు’ అనే అసలు మాట చెబుతుంది. మా యాప్ ఆ ఖాళీ వరుస పంపలేదు. సర్వరు మా కోసం ఎదురుచూసింది, మేము సర్వరు కోసం ఎదురుచూశాం. పెళ్ళిలో ‘మీరు ముందు’ అంటే ‘మీరు ముందు’ అనుకుంటూ గుమ్మం దగ్గర నిలబడిపోయిన వియ్యంకుల్లాగా ఇద్దరమూ నిలబడిపోయాం. తెరమీద మాత్రం ‘కనెక్ట్ అవుతోంది’ అని చక్రం తిరుగుతూనే ఉంది. టోకెన్ చెల్లినంతసేపు ఈ లోపం బయటపడదు. అందుకే మా పరీక్షలన్నీ నెగ్గాయి. మీరు పరీక్షలు రాసేటప్పుడు చెల్లే టోకెన్‌తో ఒకటి రాస్తే, చెల్లని టోకెన్‌తో నాలుగు రాయండి.

అనుమతి పోయే దారులు

ఇప్పుడు అసలు విషయానికి వచ్చాను. యాక్సెస్ టోకెన్ గడువు తీరడం పెద్ద సమస్య కాదు, అది రోజూ ఇరవైసార్లు జరిగేదే. అయితే 3600 సెకన్లు అని కోడులో రాసిపెట్టుకోకండి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే టోకెన్ గడువు మామూలుగా 60 నుంచి 90 నిమిషాల మధ్య మారుతూ ఉంటుంది. టోకెన్‌తోపాటు వచ్చే గడువును చదివి వాడండి, కొంచెం ముందుగానే కొత్తది తెచ్చుకోండి. ఫోను గడియారాన్ని నమ్మకండి, వాడుకరి దానిని ఆట కోసం రేపటికి జరిపి ఉండవచ్చు. కొత్త ఉత్తరం రాగానే తెలియడానికి మనం ఐడిల్ అనే ఐమ్యాప్ సదుపాయంతో కనెక్షనును గంటల తరబడి తెరిచి ఉంచుతాం కదా. ఓఆథ్‌తో తెరిచిన ఐమ్యాప్ కనెక్షనుకు సుమారుగా టోకెన్ గడువే ఆయుష్షు అని జీమెయిల్ నిబంధన. గంటకొకసారి తెగుతుంది. అది లోపం కాదు, దానికి వాడుకరిని పిలిచి ఎర్ర అక్షరాలు చూపించనక్కరలేదు. మౌనంగా కొత్త టికెట్టు తీసుకుని మళ్ళీ ఎక్కాలి.

ఇంకొకటి. మన యాప్ ఒకేసారి మూడు నాలుగు కనెక్షన్లు తెరుస్తుంది. గడువు తీరగానే నాలుగూ ఒకేసారి కౌంటరుకు పరుగెత్తుతాయి. ఒకరిని మాత్రమే పంపి మిగతా ముగ్గురిని ఆపే తాళం కోడులో ఉండాలి. మైక్రోసాఫ్ట్ కొత్త టికెట్టుతోపాటు కొత్త గుర్తింపు కార్డు కూడా ఇస్తుంది, దానిని దాచుకోవాలి. పాతదే పట్టుకు తిరిగితే కొంతకాలం నడుస్తుంది, తరువాత ఒకనాడు నడవదు, ఆనాడు కారణం ఎవరికీ గుర్తుండదు.

పెద్ద సమస్య గుర్తింపు కార్డే చెల్లకపోవడం. ఎందుకు చెల్లకుండా పోతుంది? నేను ఇందాక చేసినట్టు వాడుకరి స్వయంగా తీసేయవచ్చు. ఆరు నెలలు వాడకపోతే గూగుల్ రద్దు చేస్తుంది. జీమెయిల్ అనుమతి ఉన్న టోకెన్ అయితే, వాడుకరి పాస్‌వర్డు మార్చగానే రద్దవుతుంది. ఆ ఉపాధ్యాయుల గారి సంగతి గుర్తుందా, ఆయన అవస్థకు ఈ నిబంధన కూడా తోడైతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒకే ఖాతాకు ఒకే యాప్ పేరు మీద వంద రిఫ్రెష్ టోకెన్ల వరకే ఉంటాయి. నూటొకటోది తీసుకుంటే అన్నిటికంటే పాతది చడీచప్పుడు లేకుండా చెల్లకుండా పోతుంది. మామూలు వాడుకరికి వంద ఎందుకవుతాయి? కావు. మన పరీక్షల ఖాతాకు మాత్రం తప్పకుండా అవుతాయి. కార్యాలయ ఖాతాలలో అయితే అడ్మిన్ ఒక్క మీట నొక్కి అందరి అనుమతులూ తీసేయవచ్చు.

మా యాప్‌కు కొత్త పద్ధతి పెట్టి కొద్దిమంది స్నేహితులకు ఇచ్చిన తొలి రోజులలో ఒక విచిత్రం జరిగింది. అందరికీ సరిగ్గా వారం తిరిగేసరికి లాగిన్ పోయేది. మూడు వారాలు మా కోడులో వెతికాం. తాళం వేసే చోటు అనుమానించాం, దాచే చోటు అనుమానించాం, ఒక మిత్రుడు ఏకంగా డేటాబేసునే తిరగరాశాడు. చివరకు చూస్తే, గూగుల్ దగ్గర మా యాప్ నమోదు ఇంకా ‘టెస్టింగ్’ స్థితిలో ఉంది. ఆ స్థితిలో ఉన్న యాప్‌లకు ఇచ్చే రిఫ్రెష్ టోకెన్ గడువు ఏడు రోజులు అని సూచనల పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది. చదవనిది మేము.

సరే, గుర్తింపు కార్డు చెల్లలేదు. కౌంటరు నుంచి ‘ఇన్‌వ్యాలిడ్ గ్రాంట్’ అనే మాట వచ్చింది. ఇప్పుడు యాప్ ఏమి చేయాలి? ముందుగా, ఇది నెట్ లేకపోవడం, సర్వరు తాత్కాలికంగా పడిపోవడం కాదని గుర్తించాలి. ఆ రెండింటికీ కొంతసేపు ఆగి మళ్ళీ ప్రయత్నించాలి. దీనికి మాత్రం ఎంత ప్రయత్నించినా లాభం లేదు, పైగా నిమిషానికొకసారి తలుపు బాదితే సర్వరు మనల్నే అనుమానిస్తుంది. రెండవది, ఖాతాను తొలగించకూడదు, దించుకున్న ఉత్తరాలను ముట్టుకోకూడదు. ‘ఖాతా తీసేసి మళ్ళీ కలపండి’ అని సలహా ఇచ్చే యాప్‌లు ఉన్నాయి. ఫోనులో మాత్రమే ఉన్న చిత్తు ఉత్తరాలు ఆ సలహాతో గంగలో కలుస్తాయి. మూడవది, అవుట్‌బాక్సులో ఉన్న ఉత్తరం పోలేదని వాడుకరికి చెప్పాలి. మనిషికి అప్పుడు ఉండే భయం లాగిన్ గురించి కాదు, ఆ ఉత్తరం గురించి. ఆ తరువాత మాత్రమే, ఏమి జరిగిందో ఒక నిజమైన వాక్యంలో చెప్పి, మళ్ళీ లాగిన్ అయ్యే మీట చూపించాలి. పాస్‌వర్డు అన్న మాట ఆ వాక్యంలో కనిపించకూడదు.

పాత వాడుకరులను కొత్త దారికి మళ్ళించడంలోనూ ఇదే పద్ధతి. గడువు రోజు వరకు ఆగి తలుపు మూసుకున్నాక చెప్పడం కాదు. నెల ముందే, ఉత్తరాలు ఇంకా వస్తున్నప్పుడే చెప్పాలి. అదే ఖాతాలో, అవే ఫోల్డర్లతో, ధ్రువీకరణ పద్ధతిని మాత్రం మార్చాలి. కొత్త టోకెన్‌తో ఒకసారి నిజంగా కనెక్ట్ అయ్యాక పాత పాస్‌వర్డును ఫోను నుంచి చెరిపివేయాలి. చాలా యాప్‌లు ఈ చివరి పని మరిచిపోతాయి. వాడని పాస్‌వర్డు ఏళ్ళ తరబడి ఒక మూల పడి ఉంటుంది.

దాచడం గురించి రెండు మాటలు. రిఫ్రెష్ టోకెన్ దొరికితే దొంగకు మీ ఉత్తరాలు దొరికినట్టే. ఆండ్రాయిడ్ కీస్టోర్, ఐఫోను కీచైన్ వంటి రహస్యాల పెట్టెలు అందుకే ఉన్నాయి. కానీ మేము టోకెన్‌ను కీస్టోర్ సాయంతో భద్రంగా దాచి, లాగ్ ఫైలులో, అంటే యాప్ తాను చేసిన పనులు రాసుకునే చిట్టాలో, మాత్రం ఎవరైనా చదివేలా రాశాం! ఒక వాడుకరి ఏదో లోపం చెబుతూ లాగ్ ఫైలును అందరికీ కనిపించే చోట జతచేశారు. అందులో అథెంటికేట్ వరుస మొత్తం ఉంది. బేస్64 విప్పితే ఆయన టోకెన్ నా తెరమీద ఉంది. వెంటనే ఆయనకు రాసి అనుమతి రద్దు చేయించి, ఫైలు తీసేయించాం. ఆ సాయంత్రమే లాగ్‌లో ఆ వరుస స్థానంలో చుక్కలు పెట్టాం.

ఓఆథ్ చేతకాని పరికరాల సంగతి ఎవరో తప్పకుండా అడుగుతారు: జిరాక్సు మెషీను స్కాన్ చేసి ఈమెయిల్ పంపుతుంది, దానికి బ్రౌజరు ఎక్కడిది? గూగుల్‌లో యాప్ పాస్‌వర్డు అనే ఏర్పాటు ఉంది; రెండంచెల ధ్రువీకరణ పెట్టుకున్నవారికి పదహారు అక్షరాల ప్రత్యేక పాస్‌వర్డు ఇస్తుంది. నాలుగేసి అక్షరాలుగా విడదీసి చూపిస్తుంది కాబట్టి జనం ఖాళీలతో సహా కొడతారు. మీ యాప్ ఆ ఖాళీలను తానే తీసేయాలి. అది తాత్కాలిక ఏర్పాటు, అంతకంటే చెప్పడానికి లేదు. టీఎల్‌ఎస్ వైపు కూడా ఒక్క మాట: 1.0, 1.1 రూపాలను 2021లోనే పక్కన పెట్టమన్నారు. 993, 465 పోర్టులలో మొదటి బైటు నుంచే టీఎల్‌ఎస్ ఉండాలని 2018 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8314 చెబుతోంది. పాత సెట్టింగులు మీ యాప్‌లో ఇంకా ఉంటే తీసేయండి.

ఒక బాధ కూడా చెప్పుకోవాలి, చెప్పకపోతే నిజాయితీ అనిపించుకోదు. ఐమ్యాప్ గొప్పతనం ఏమిటంటే, ప్రమాణం చదువుకుని ఎవరు యాప్ రాసినా ఏ సర్వరుతోనైనా మాట్లాడగలిగేవారు, ఎవరి అనుమతీ అక్కరలేదు. ఇప్పుడు ఒక్కొక్క సంస్థ దగ్గర యాప్‌ను నమోదు చేయించాలి. జీమెయిల్ మొత్తాన్ని చదివే అనుమతిని గూగుల్ 2019 నుంచి కఠినమైన వర్గంలో పెట్టింది. సమీక్ష పూర్తికాని యాప్‌ను వందమందికి మించి వాడలేరు. ఉత్తరాలు మీ సర్వరు గుండా వెళ్ళేటట్టయితే బయటి సంస్థ చేత భద్రతా పరీక్ష చేయించాలి. దానికి 15,000 నుంచి 75,000 డాలర్ల దాకా ఖర్చు కావచ్చని గూగుల్ మొదట్లో చెప్పింది. ఉత్తరాలు ఫోను దాటి ఎక్కడికీ వెళ్ళని యాప్‌లకు ఆ పరీక్ష అక్కరలేదు, మేము బతికి ఉన్నది అందువల్లే. యాప్ తనంతట తాను నమోదయ్యే ప్రమాణం ఒకటి 2015 నుంచి ఉంది, ఆర్‌ఎఫ్‌సీ 7591. పెద్ద ఈమెయిల్ సంస్థలు ఆ తలుపు తెరిస్తే మన వంటి చిన్నవాళ్ళకు సగం తలనొప్పి తగ్గుతుంది. భద్రత కోసం తలుపులు మూయడం సరైనదే అని నేను నమ్ముతాను. తాళంచెవులు నలుగురి దగ్గరే ఉండడం మాత్రం నాకు నచ్చదు.

నా సమయం అయిపోయిందని నిర్వాహకులు చేయి ఊపుతున్నారు. ఫోను చూద్దాం. ముందు వరుసలో ఉన్న తమ్ముడూ, నువ్వే వచ్చి చదువు, నేను చదివితే నమ్మరు. ‘ఈ ఖాతాకు ఇచ్చిన అనుమతి ముగిసింది. పంపవలసిన ఉత్తరం 1 భద్రంగా ఉంది. మళ్ళీ లా…’ అంతేనా? తరువాత ఏముంది? చుక్కలా? ఏదీ, ఇలా ఇవ్వు. నిజమే, తెర వెడల్పు చాలక వాక్యం తెగిపోయింది. ఇంగ్లీషులో సరిపోయింది కాబట్టి తెలుగులో చూసుకోలేదు. ఈ రాత్రికి సరిచేస్తాను. ఈలోగా మీ ప్రశ్నలు అడగండి.